తలకాయ ఫోటోలో రంధి కనబడుతుందా?



ఈ మధ్య ఓ.పి. దగ్గర ఒక అమ్మ నన్ను పట్టుకుని ఇలా అడిగింది. "సిస్టరమ్మా, మా ఆయనకు తలకాయ ఫోటో తీయించాలె. రాత్రంత నిద్ర పోడు. ఒక్కటే రంధి. ఎంత రంధి ఉన్నదో ఆ ఫోటోల కనవడతదట గదా, మా ఆడిబిడ్డ కొడుకు సెల్లుల చూసి చెప్పిండు." ఆమె భర్త సిరిసిల్లలో సాంచాల మీద పని చేస్తాడు. కొంగున ముడి వేసుకుని తెచ్చిన డబ్బులో కొంత బీడీలు చుట్టి కూడబెట్టినది, మిగిలినది ఆ ఉదయమే చేబదులు తెచ్చినది.

ఈ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే కాదు. కొడుకు గల్ఫ్‌కు పోయినప్పటి నుండి గుండె దడ అనే తల్లులు, పరీక్ష తప్పినప్పటి నుండి మాట్లాడని పిల్లల తండ్రులు, అప్పుల మనాదితో చిక్కి సగమైన రైతులు కూడా ఇదే అడుగుతున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. మెదడును ఫోటో తీసి ఒత్తిడిని గురించి తెలుసుకోవడం నిజంగానే జరుగుతున్న పని. కాని ఆ ఫోటో ఎవరి గురించి చెప్పగలదు, ఎవరి గురించి చెప్పలేదు అన్నది తెలియక చాలా ఇళ్లలో డబ్బు పోతున్నది. ఒక్కోసారి డబ్బు కన్నా విలువైనది కూడా పోయే ప్రమాదం ఉన్నది. అందుకే ఈసారి ఈ విషయం రాస్తున్నాను.

ఒత్తిడి వచ్చినప్పుడు మెదడులో ఏం జరుగుతుంది?

రాత్రి కరెంటు పోయింది. వాకిట్లో కాలి దగ్గర పాము కనబడినట్లైంది. మీరు ఆలోచించక ముందే కాలు వెనక్కి వస్తుంది, గుండె కొట్టుకుంటుంది, నోరు ఎండుతుంది, చెమట పడుతుంది. టార్చిలైటు వేసి చూస్తే అది తాడు. మెల్లగా గుండె నెమ్మదిస్తుంది.

ఈ కొద్దిసేపటిలో మెదడులో మూడు నాలుగు భాగాలు పని చేశాయి. మెదడు లోపల రెండు వైపులా బాదం గింజంత ఉండే ఎమిగ్డాలా ముందుగా ప్రమాదాన్ని పసిగట్టింది. అది హైపోథాలమస్‌కు కబురు పంపింది. అక్కడి నుండి మూత్రపిండాల పైన టోపీలా కూర్చుని ఉండే ఎడ్రినల్ గ్రంథులకు ఆజ్ఞ వెళ్లింది. అవి ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను రక్తంలోకి వదిలాయి. బి.పి. పెరిగింది, రక్తంలో చక్కెర పెరిగింది. పరుగెత్తడానికో, ఎదిరించడానికో శరీరం సిద్ధమైంది. తరువాత నుదుటి వెనుక ఉండే భాగం "ఇది తాడే, పాము కాదు" అని సర్దిచెప్పింది. జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోకాంపస్ అనే భాగం "ఇక చాలు, కార్టిసాల్ ఆపండి" అని చెప్పడంలో సాయపడింది.

ఇది జబ్బు కాదు, మనలను బ్రతికించే ఏర్పాటు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, కొన్ని పాములకు టార్చిలైటు పనిచేయదు. నెలనెలా తీర్చవలసిన అప్పు, పెళ్లి కావలసిన కూతురు, పని లేక ఆగిన సాంచా, దుబాయి నుండి రాని ఫోను - ఇవి చూసినకొద్దీ పాములే. అప్పుడు ఆ గంట ఆగకుండా మ్రోగుతూనే ఉంటుంది. నిద్ర పోతుంది, ఆకలి మారుతుంది, కోపం పెరుగుతుంది, తల, మెడ, కడుపు నొప్పులు మొదలవుతాయి.

మెదడు ఫోటోలు ఎన్ని రకాలు?

మనం "తలకాయ ఫోటో" అని ఒకే మాట అంటాము గాని, ఇవి వేరు వేరు పరీక్షలు.

సి.టి. స్కాన్ ఎక్స్‌రే కిరణాలతో తీసేది. మొదటిసారి ఒక రోగికి 1971లో లండన్‌లో తీశారు. తలకు దెబ్బ తగిలినప్పుడు, లోపల రక్తం కారిందా అని చూడడానికి ఇది త్వరగా పనికి వస్తుంది.

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే ఉండదు, పెద్ద అయస్కాంతం ఉంటుంది. మెత్తని భాగాలు బాగా కనబడతాయి. గడ్డలు, పక్షవాతం, వాపు వంటివి తెలుస్తాయి.

ఈ రెండూ మెదడు కట్టడాన్ని చూపుతాయి. ఇంటి గోడలు, కప్పు, తలుపులు ఎలా ఉన్నాయో చూపినట్లు. ఇంట్లో వాళ్లు సంతోషంగా ఉన్నారా, ఏడుస్తున్నారా అన్నది గోడల ఫోటోలో పడదు. మన పట్టణాల్లో మామూలుగా రాసే తల స్కానింగ్ ఈ రకానిదే.

మూడవది ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. పని చేసే భాగానికి రక్తం ఎక్కువగా వస్తుంది. రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో దానిని బట్టి అయస్కాంత గుణం కొద్దిగా మారుతుంది. దీని ఆధారంగా పని చేస్తున్న మెదడును చూడవచ్చని 1990లో సీజీ ఒగావా అనే జపాన్ శాస్త్రవేత్త అమెరికాలో పని చేస్తూ చూపించారు. నాలుగవది పెట్ స్కాన్. ఇందులో కొద్దిపాటి రేడియోధార్మికత కలిపిన గ్లూకోజును నరంలోకి ఎక్కించి, మెదడులో ఏ భాగం దానిని ఎక్కువగా వాడుకుంటుందో చూస్తారు. ఒత్తిడి మీద జరిగిన పరిశోధనలు చాలా వరకు ఈ రెండింటితోనే జరిగాయి.

ఇ.ఇ.జి. ఫోటో కాదు. తలపై తీగలు అంటించి విద్యుత్ తరంగాలను గీసే పరీక్ష. మూర్ఛ జబ్బులో ఇది ఎంతో అవసరం.

పరిశోధకులు ఏమి తెలుసుకున్నారు?

కెనడాలోని మాంట్రియల్‌లో పరిశోధకులు 2005లో ఒక పద్ధతిని ప్రచురించారు. మనిషిని ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి, ఎదురుగా తెర మీద లెక్కలు ఇస్తారు. సమయం ఎప్పుడూ కొంచెం చాలకుండా ఉంటుంది. పైగా "మీరు మిగతా వారి కన్నా వెనుకబడ్డారు" అని చెబుతుంటారు. బడిలో బోర్డు ముందు నిలబడి లెక్క రాక బిక్కమొహం వేసిన పిల్లవాడి స్థితి అది. ఆ సమయంలో మెదడు ఫోటోలు తీస్తారు, ఉమ్మిలో కార్టిసాల్ కొలుస్తారు. అదే లెక్కలు, అదే యంత్రం, అదే మందలింపు. అయినా కొందరిలో కార్టిసాల్ పెరిగింది, కొందరిలో పెరగలేదు. పెరిగిన వారిలో హిప్పోకాంపస్ పని తగ్గినట్లు 2008లో ఆ బృందం తెలిపింది. ఒకే కష్టం ఇద్దరు మనుషులను ఒకే విధంగా తాకదని మనకు ముందే తెలుసు. దానికి ఇది సాక్ష్యం.

అమెరికాలోని బోస్టన్‌లో వేరే కారణాలకు పెట్ స్కాన్ తీయించుకున్న 293 మందిని వైద్యులు కొన్నేళ్ల పాటు గమనించారు. వారిలో 22 మందికి తరువాత గుండెపోటు, పక్షవాతం వంటివి వచ్చాయి. ఎమిగ్డాలా ఎక్కువ చురుకుగా ఉన్నవారిలో ఈ ప్రమాదం ఎక్కువగా కనబడిందని 2017లో లాన్సెట్ పత్రికలో రాశారు. మనసులోని రంధి గుండెకు ఏ దారిలో చేరుతుందో ఇటువంటి పరిశోధనలు చూపిస్తున్నాయి. "టెన్షన్ అంతా వట్టి భ్రమ" అనేవారికి ఇది మంచి జవాబు.

మరి మా ఆయనకు తీస్తే ఎందుకు తెలియదు?

ఇదే అసలు ప్రశ్న. జవాబును నాలుగు ముక్కలుగా చెబుతాను.

మొదటిది, ఆ ఫలితాలు గుంపులవి. మన మండలంలో మగవారి సగటు ఎత్తు ఆడవారి సగటు ఎత్తు కన్నా ఎక్కువ. అది నిజం. అయితే నేను ఒక చీటీ మీద "అయిదడుగుల మూడంగుళాలు" అని రాసి ఇచ్చి, ఈ మనిషి ఆడా మగా చెప్పండి అంటే మీరు చెప్పలేరు. ఒత్తిడి ఉన్న గుంపు, లేని గుంపు మధ్య తేడా కూడా ఇటువంటిదే. ఎమిగ్డాలా చురుకుగా ఉన్న ఒక మనిషికి గుండెపోటు వస్తుందనీ కాదు, లేని మనిషికి రాదనీ కాదు.

రెండవది, ఒక భాగం వెలిగినంత మాత్రాన కారణం తెలియదు. ఇంటి బయట కరెంటు మీటరు వేగంగా తిరుగుతుంటే లోపల ఏదో నడుస్తున్నదని తెలుస్తుంది. అది ఫ్యానా, మోటరా, ఇస్త్రీ పెట్టెనా మీటరు చెప్పదు. ఎమిగ్డాలా భయానికి పని చేస్తుంది, కొత్త ముఖాన్ని చూసినా పని చేస్తుంది, చాలా ఇష్టమైనదాన్ని చూసినా పని చేస్తుంది. దానికి తోడు ఎం.ఆర్.ఐ. గొట్టంలో పడుకోవడమే చాలామందికి భయం. ఒక సాంచా కార్మికుడు బయటకు వచ్చి, "కార్ఖానల పండుకున్నట్టే ఉన్నది సిస్టరమ్మా, ఒకటే ఢబఢబ" అన్నాడు.

మూడవది, అదే మనిషికి మళ్లీ తీస్తే అదే జవాబు రావాలి. బి.పి. మిషను మీద మనకు నమ్మకం ఎందుకు? మళ్లీ కట్టి చూస్తే దాదాపు అదే అంకె వస్తుంది కనుక. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. మీద 90 ప్రయోగాలను కలిపి చూశారు. రెండుసార్లూ పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే 0 అనుకుంటే, సగటున సుమారు 0.4 మాత్రమే వచ్చింది. గుంపుల మధ్య తేడాలు తెలుసుకోవడానికి పనికివచ్చే సాధనం, ఒక్కొక్క మనిషిని కొలిచే సాధనంగా ఇంకా పనికిరాదని వారు చెప్పారు. బి.పి.కి ఇంత దాటితే ఎక్కువ అనే గీత ఉన్నది. చక్కెరకు ఉన్నది. ఒత్తిడికి స్కానింగులో అటువంటి గీత ఏదీ లేదు.

నాలుగవది, ఎవరితో పోల్చి చూడాలి? ఒక మెదడు పెద్దదా చిన్నదా అని చెప్పడానికి ఒక నమూనా కావాలి. చాలా కాలం వాడిన నమూనా మాంట్రియల్‌లో పాశ్చాత్యుల మెదళ్ల ఆధారంగా తయారైనది. మన హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి.లో జయంతి శివస్వామి గారి బృందం ఆరోగ్యవంతులైన భారతీయ యువతీయువకుల ఎం.ఆర్.ఐ. ఫోటోలతో ఒక భారతీయ మెదడు పటాన్ని తయారు చేసి 2019లో ప్రకటించింది. ఎత్తు, వెడల్పు, పరిమాణంలో మన మెదళ్లు సగటున ఆ నమూనా కన్నా చిన్నవని తేలింది. ఇందులో తెలివితేటలకు సంబంధించినది ఏమీ లేదు. పరాయి కొలబద్దతో కొలిస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా "కుంచించుకుపోయింది" అని పొరపాటుగా రాసే అవకాశం ఉన్నదని మాత్రమే అర్థం. కట్టడం విషయంలోనే ఇంత జాగ్రత్త కావాలంటే, రంధి వంటి విషయంలో ఎంత కావాలి!

రంగురంగుల బొమ్మను చూసి మోసపోకూడదని చెప్పడానికి అమెరికాలో కొందరు పరిశోధకులు 2009లో ఒక తమాషా పని చేశారు. చచ్చిన సాల్మన్ చేపను యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించి, వారు ఏ భావంలో ఉన్నారో చెప్పమని అడిగారు. లెక్క సరిగా సరిచూడకపోతే చచ్చిన చేప మెదడులో కూడా ఒక చుక్క వెలిగింది! యంత్రం తప్పు కాదు. వేలాది చిన్న చిన్న ముక్కలను ఒక్కసారే చూస్తే, ఏదో ఒకటి ఊరికే వెలిగినట్లు కనబడుతుంది.

న్యాయస్థానం కూడా ఆగి చూసింది

మన దేశంలో పోలీసు కేసుల్లో "బ్రెయిన్ మ్యాపింగ్" అనే మాట మీరు వినే ఉంటారు. తలపై తీగలు పెట్టి, కొన్ని మాటలు వినిపించి, మెదడు తరంగాలను బట్టి మనిషికి నేరం సంగతి తెలుసా అని చూసే పద్ధతి ఇది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, మనిషి ఒప్పుకోకుండా నార్కో పరీక్ష, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయకూడదని నిర్ణయించింది. ఒక మనిషి లోపలి సంగతిని యంత్రంతో బలవంతంగా చదవకూడదని అంతటి న్యాయస్థానమే చెప్పింది. ఉద్యోగానికో, పెళ్లి సంబంధానికో "ఇతనికి టెన్షన్ తట్టుకునే శక్తి ఉందా, స్కాన్ చేయించండి" అని ఎవరైనా అడిగితే ఈ మాట గుర్తు పెట్టుకోండి.

"నార్మల్" అనే మాటతో నేను చేసిన పొరపాటు

ఇది రాయడానికి నాకు ఇబ్బందిగా ఉన్నది గాని రాయాలి. చాలా ఏళ్ల క్రితం, వేరొక చోట నేను వార్డు సిస్టరుగా ఉన్నప్పుడు, ఒక యువకుడిని ఇంటివారు తీసుకువచ్చారు. తలనొప్పి, నిద్ర లేదు, పనికి పోవడం లేదు. అప్పటికే అప్పు చేసి తల స్కానింగ్ తీయించారు. రిపోర్టులో అంతా సరిగా ఉన్నదని రాసి ఉంది. నేను చదివి, నవ్వుతూ, "అంతా నార్మల్, ఏమీ లేదు, భయపడకండి" అన్నాను. అతని తండ్రి వెంటనే కొడుకు వైపు తిరిగి, "విన్నవా? ఏం లేదట. ఉత్త నాటకాలు. రేపటి సంది పనికి పో" అన్నాడు. ఆ పిల్లవాడు తల దించుకున్నాడు. నేను చూశాను. ఏమీ అడగలేదు. ఆ రోజు వార్డులో పని ఎక్కువగా ఉండింది.

మూడు వారాల తరువాత ఒక రాత్రి అతనిని ఎమర్జెన్సీకి మోసుకువచ్చారు. తన ప్రాణం తానే తీసుకోబోయాడు. బ్రతికాడు. తెలివి వచ్చిన తరువాత నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది: "ఫోటోలనే ఏం లేదని వచ్చినంక, నా మాట ఎవలు నమ్ముతరు సిస్టరమ్మా?"

ఆ రిపోర్టు అబద్ధం చెప్పలేదు. గడ్డ లేదు, రక్తం కారలేదు అని మాత్రమే అది చెప్పింది. "ఈ మనిషికి బాధ లేదు" అని చెప్పింది నేను. అందుకే ఇప్పుడు మా నర్సింగ్ పిల్లలకు నేర్పుతున్నాను: రిపోర్టు సరిగా ఉంటే "ఏమీ లేదు" అని ఎప్పుడూ అనకండి. "గడ్డ, రక్తస్రావం వంటివి లేవు, అది మంచి వార్త. ఇప్పుడు మీ బాధ సంగతి కూర్చుని మాట్లాడుకుందాం" అనండి. ఇంటివారు కూడా ఇదే మాట నేర్చుకోవాలి. సంఘంలో కొందరు దీనిని విశ్వాసం తక్కువై వచ్చినదంటారు. ఆ మాట కూడా ఆ యువకుని తండ్రి మాట వంటిదే, దెబ్బ మీద దెబ్బ.

తల స్కానింగ్ ఎప్పుడు తప్పనిసరి?

స్కానింగ్ వద్దని నేను చెప్పడం లేదు. ఈ కింది లక్షణాలు ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి. ఏ స్కాన్ కావాలో డాక్టరు గారు నిర్ణయిస్తారు.

- హఠాత్తుగా మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేక కాలు పడిపోవడం, మాట తడబడడం
- మునుపెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా రావడం
- మొదటిసారి ఫిట్స్ రావడం
- తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పడం, వాంతులు కావడం
- తలనొప్పితో పాటు చూపు మసకబారడం, ఉదయం లేవగానే వాంతులు
- జ్వరంతో మెడ బిగుసుకుపోవడం
- యాభై ఏళ్లు దాటాక కొత్తగా తలనొప్పి మొదలవడం, లేక మనిషి తీరు, జ్ఞాపకం మారిపోవడం

ఎం.ఆర్.ఐ.కి వెళ్లేవారు పుస్తెలతాడు, మెట్టెలు, పిన్నులు, సెల్‌ఫోన్ అన్నీ తీసివేయాలి. గుండెలో పేస్‌మేకర్, శరీరంలో రాడ్లు, క్లిప్పులు ఉన్నా, గర్భవతి అయినా ముందే చెప్పాలి.

మరి ఒత్తిడిని ఎలా కొలుస్తాము?

ముందు బి.పి., రక్తం, చక్కెర, థైరాయిడ్ చూస్తాము. రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ, నీరసం, నిద్ర లేమి వస్తాయి. వీటికి స్కానింగ్ అంత ఖర్చు కాదు.

తరువాత అడుగుతాము. పి.హెచ్.క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి ఉన్నది. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, నిరాశ ఎలా ఉన్నాయో అడిగి, 0 నుండి 27 వరకు మార్కులు వేస్తారు. 10 గాని, అంతకన్నా ఎక్కువ గాని వస్తే కుంగుబాటు ఉన్నదేమోనని డాక్టరు ఇంకా లోతుగా చూడాలి. కాగితం, పెన్ను ఉంటే చాలు.

ఇంట్లో మీరు కూడా అడగవచ్చు. ఒంటరిగా కూర్చోబెట్టుకుని, టి.వి. ఆపి, మెల్లగా అడగండి. రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతున్నది? అన్నం రుచిస్తున్నదా? ఇదివరకు ఇష్టమైన పనులు ఇప్పుడూ చేస్తున్నావా? ఎక్కువగా దేని గురించి ఆలోచన వస్తున్నది? చివరిది కష్టమైనది, అయినా అడగాలి: బ్రతకడం ఎందుకు అనిపిస్తున్నదా? ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని భయపడకండి. అలా జరగదు. తలుపు తెరిచినట్లవుతుంది. అవునని చెబితే ఒంటరిగా వదలకండి, ప్రమాదమైన వస్తువులు దూరం పెట్టండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

రాత్రి వేళ ఎవరూ దొరకకపోతే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ సేవలో పగలు రాత్రి తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు ఉండదు. ప్రాణాపాయం అయితే 108.

ఇంకొక మాట. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం వైద్యం, సంరక్షణ అందించాలి. గమనించండి, ఆ ఒత్తిడికి రుజువుగా చట్టం ఏ స్కానింగూ అడగలేదు.

మొదట చెప్పిన ఆ అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె భర్తను పక్క గదిలో కూర్చోబెట్టి, "తమ్మీ, రాత్రిపూట ఏం ఆలోచన వస్తది?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అరగంట ఆపకుండా మాట్లాడాడు. భార్యకు తెలియని ఒక అప్పు ఉన్నది. డాక్టరు గారు పరీక్షించి, స్కానింగ్ అవసరం లేదని చెప్పి, నిద్రకు వైద్యం మొదలుపెట్టి, మానసిక వైద్యుని దగ్గరకు చీటీ రాశారు. చేబదులు తెచ్చిన డబ్బు ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేసినట్లు ఆ అమ్మ చెప్పింది. అప్పు ఇంకా ఉన్నది. కాని ఇప్పుడు దాని గురించి ఇద్దరికీ తెలుసు. వచ్చే నెల మళ్లీ రమ్మన్నాము.

మీ ఇంట్లో ఎవరికైనా రంధి ఉందనిపిస్తే, ఓ.పి.లో చీటీ తీసుకుని నర్సింగ్ డెస్కు దగ్గర "సిస్టరుతో మాట్లాడాలి" అని చెప్పండి. అంత చెబితే చాలు. కారణం అందరి ముందు చెప్పనవసరం లేదు.

- నర్సింగ్ సూపరింటెండెంట్